శనివారం పాసింజరు

హిందూపురం,
9 ఆగస్టు 1998

నిర్మల వదినకు మంజుల రాయునది.

ఇక్కడ నేనూ, నా అద్దె గదిలోని బల్లీ క్షేమం. అన్న ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడా? జూనియర్ కాలేజీ ఉద్యోగం మానేసి పిహెచ్.డి.లో చేరతానన్న రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు కదా. ఈ కబురు నువ్వే మెల్లగా ఆయన చెవిన వెయ్యి. నాకు గైడ్ దొరికాడు.

మా అన్నలాంటి వాడితో నీకు పెళ్లి కుదరడమే సులువు వదినా, గైడ్ కుదరడం కన్నా. ఒకాయన తన దగ్గర ఖాళీ లేదన్నాడు. ఇంకొకాయన ఆడపిల్లలు పల్లెలు తిరిగే పనికి పనికిరారన్నాడు. మరొకాయనైతే తల ఎత్తి కూడా చూడలేదు. చివరికి హనుమంతరాయుడు సారు గది బయట నిలబడ్డాను. ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్. ఆ గదిలో ఎప్పుడు చూసినా జనమే. సాయంత్రం సంచి భుజాన వేసుకొని బయటికి వచ్చి, "ఏమ్మా, యాడికి పోవాల? హిందూపురమేనా? అయితే రైల్లో మాట్లాడుకుందాం పా" అన్నాడు. ఆయన సొంత ఇల్లు ఇక్కడే. వారమంతా యూనివర్సిటీలో ఉండి, శనివారం పాసింజరులో ఇంటికి వస్తాడు.

రైల్లో నా మార్కులు అడగలేదు. "పట్టుపురుగులు సాకే ఇంట్లోకి ఎప్పుడన్నా పోయినావా?" అని అడిగాడు. లేదు సార్, మాది వేరుశనక్కాయలు పండించే ఇల్లు అన్నాను. "పోయినానని చెప్పలేదు, అది బాగుండాది. చేరు" అన్నాడు. అంతే.

హిందూపురం చుట్టుపక్కల రైతులు పట్టుపురుగుల రోగాల వల్ల ఎంత పంట పోగొట్టుకుంటున్నారు, ఎందుకు, అన్నది నా పని. డిపార్ట్‌మెంట్‌లో ఆయనకు తీరిక ఉండదు. అందుకని శుక్రవారం పెనుకొండలో అమ్మ దగ్గరకు వెళ్లి, శనివారం అక్కడే ఆయన వచ్చే రైలు ఎక్కుతాను. పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఆయన టైము నాది.

వచ్చే మే నెలలో కమిటీ ముందు నా లెక్కలు నిలబడాలి. నిలబడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఉద్యోగమూ పోయి, ఇదీ పోతే అన్న ముందుకు ఏ ముఖం పెట్టుకొని రావాలో తెలియదు. భయంగా ఉంది, నిజం చెప్తున్నాను.

నీ మరదలు,
మంజుల


ధర్మవరం,
21 ఆగస్టు 1998

మరదలు పిల్లకు,

నీ గైడ్ సంగతి మీ అన్నకు అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఏమీ అనలేదు, కానీ రెండోసారి సాంబారు పోయించుకున్నాడు. అంటే సగం కోపం పోయినట్టే.

నాకు మాత్రం రైల్లో పాఠం చెప్పే ఈ పెద్దమనిషి మీద ఇంకా నమ్మకం కుదరలేదు. మా హైస్కూలు లెక్కల టీచరు తమ్ముడు మూడేళ్లు గైడ్ ఇంటికి కూరగాయలు మోశాడట. చివరికి గైడ్ రిటైరయ్యాడు, వీడికి సంచి మిగిలింది. ఏ కొంచెం తేడా వచ్చినా నాకు రాయి, ఒక్క మాట దాచొద్దు. నువ్వు నోరు లేనిదానివి. నాకు దేవుడు రెండు నోళ్లు ఇచ్చాడు, ఒకటి నీకు వాడతాను.

పెనుకొండ దగ్గర మా పుట్టింటి ఊళ్లో మారక్క అవ్వ కూడా పట్టుపురుగులే సాకుతుంది కదా. నువ్వు చూడటానికి వస్తావంటే, "నోరు మూసుకొని వచ్చేటట్లయితే రమ్మను" అంది. ముసలిదానికి నీ సంగతి తెలియదు పాపం.

ఇట్లు,
నిర్మల


హిందూపురం,
14 మార్చి 1999

వదినా,

పలకరింపులు రాసే ఓపిక లేదు. నిన్న రైల్లో జరిగింది వెంటనే నీకు చెప్పాలి.

ఆగస్టు నుంచి పురుగుల పంట మీద పంట, ఇల్లిల్లూ తిరిగానని నీకు తెలుసు. గుడిబండ వైపు పల్లెలైతే బస్సు దిగి ఎండలో నడిచి పోయాను. చెప్పులు బయట విప్పి, కాళ్లు చేతులు కడుక్కొని, పురుగుల తట్టల పక్కన నిలబడి ప్రతి రైతునూ అడిగాను, ఈసారి రోగం వచ్చిందా అని. దాదాపు అందరూ "లేదమ్మా, బాగుండాయి" అన్నారు. అన్నీ కూడి లెక్క కడితే, చాలా ఏళ్ల కిందట సారు తన థీసిస్‌లో రాసిన లెక్కకు నా లెక్క అచ్చంగా సరిపోయింది. ఎగిరి గంతేశాను.

నిన్న పెనుకొండలో రైలెక్కగానే ఫైలు ఇచ్చి, "సార్, మీకు వచ్చినట్టే నాకూ వచ్చింది" అన్నాను. చాలాసేపు చూశాడు. ముఖం నల్లబడింది. ఫైలు మూసి నా ఒళ్లో పెట్టి, "ఇది అబద్ధం. మళ్లా పో" అన్నాడు. గట్టిగా అన్నాడు వదినా. ఎదురుగా సెలవు మీద వస్తున్న మిలిటరీ ఆయన, పల్లీలమ్మే ఆమె, అందరూ నా వైపే చూశారు. తర్వాత హిందూపురం దాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన థీసిస్ ముందు పెట్టుకొని గదిలో కూర్చుని కాపీ కొట్టానని కదా దాని అర్థం? ఎందుకు సార్ అని అడగలేదు. నాయన ఉన్నన్నాళ్లూ మన ఇంట్లో పెద్దవాళ్లను ఎందుకని ఎవరం అడిగాం? ఏడుపు ఆపుకొని దిగిపోయాను.

మంజుల


ధర్మవరం,
19 మార్చి 1999

మంజూ,

నీ ఉత్తరం చదివి స్టాఫ్ రూమ్‌లో కూర్చోలేకపోయాను. నిన్ను కాపీ అన్నాడా? పదో తరగతిలో పక్కపిల్ల పేపరు చూపిస్తే కళ్లు మూసుకున్న దానివి నువ్వు! మీ అన్నకు చెప్పలేదు. చెబితే "నేను ముందే అన్నా" అంటాడు, ఆ మాట నువ్వు వినడం నాకిష్టం లేదు.

నాకు అర్థమైంది ఇది. ఆయన లెక్కే మళ్లీ వస్తే, శిష్యురాలికి కొత్తది ఏమీ చేతకాలేదని కోపం. లేదా నిన్ను ఇంకో రెండేళ్లు తిప్పించుకోవాలని ఎత్తు. ఏదైనా సరే, ఆ రైలు ఇక ఎక్కకు. మీ డిపార్ట్‌మెంట్‌లోనే సంజీవప్ప సారని ఉన్నాడట, పిల్లలను కష్టపెట్టడని మా లెక్కల టీచరు చెప్పింది. వెళ్లి అడుగు. గైడును మార్చుకునే దారి ఉండే ఉంటుంది.

భోజనం మానొద్దు. ఆయన మీద కోపం నీ కడుపు మీద చూపించకు.

నిర్మల


హిందూపురం,
4 ఏప్రిల్ 1999

వదినా,

నువ్వు చెప్పినట్టే సంజీవప్ప సారును కలిశాను. కాఫీ తెప్పించాడు. నా ఫైలు పేజీలు తిప్పి, "శానా బాగుండాదమ్మా, ఇట్లే పెట్టేయ్, మేలో కమిటీ దాటిపోతాది" అన్నాడు. నేను పల్లెల గురించి చెప్పబోతే గడియారం చూసుకున్నాడు. అయినా ఆయన దగ్గరకే పోతాను. గైడ్ మార్పు కాగితం మీద హనుమంతరాయుడు సారు సంతకం కావాలట. ఆ కాగితం తీసుకొని ఆయన ముందుకు పోవడానికే కాళ్లు రావడం లేదు. శనివారాలు ఇక్కడే గదిలో కూర్చుంటున్నాను. రైలు కూత వినబడితే కిటికీ మూసేస్తున్నాను.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఆయనకు మనిషి మాట మీద గౌరవం లేదు. ఎండలో తిరిగి తెచ్చిన ఇన్ని నెలల పనిని ఒక్క మాటతో మట్టిలో కలిపాడు. పదిమంది ముందు నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఇలాంటి మనిషి చేతికి ఏ ఆడపిల్ల భవిష్యత్తూ ఇవ్వకూడదు. ఇవన్నీ ఆయన ముఖం మీద అనే ధైర్యం ఉంటే బాగుండేది.

మంజుల


ధర్మవరం,
13 ఏప్రిల్ 1999

మంజూ,

ముందు నిన్ను నవ్విస్తాను. ఆదివారం మీ అన్నా నేనూ మా ఊరు పోయాం. అవ్వ ఇంటినిండా పురుగులే. మీ అన్న పెద్దమనిషిలాగా వాకిట్లో నిలబడి, "ఏమవ్వా, పురుగులకు రోగం గీగం ఏమీ లేదు కదా?" అన్నాడు. అంతే, అవ్వ చీపురు తీసుకొని బయటికి వచ్చింది. "నీ నోట్లో మన్ను బడ! పురుగులు ఇంట్లో ఉండంగా ఆ మాట అంటావా? పిలిచి పీట వేసినట్లయితాది. పో బయటికి!" అని వీధి దాకా తరిమింది. మళ్లీ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆరడుగుల మనిషి, మూడు కుక్కల మధ్య వీధిలో నిలబడ్డాడు.

నేను చిన్నప్పటి నుంచీ ఎరిగినదే ఇది. పురుగులున్న ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. ఎవరడిగినా బాగుండాయి అనాలి. పట్టుగూళ్లు అమ్మి, ఇంటికి సున్నం కొట్టిన తర్వాత ఎంతైనా తిట్టుకోవచ్చు. ఇంతకీ అవ్వ సగం తట్టల్లో రోగంతో చచ్చిన పురుగులను అప్పటికే దొడ్లో గుంత తీసి పూడ్చిందట, పక్కింటామె నాకు చెవిలో చెప్పింది.

నవ్వావు కదా? ఇక నీ సంగతి. నువ్వు ఆయన ముఖం మీద అనలేనన్నావు. ఒక నోరు నీకు వాడతానని మాట ఇచ్చాను కదా. నేను చేయవలసింది చేశాను. నువ్వు బెంగపడకుండా నిద్రపో.

నిర్మల


హిందూపురం,
25 ఏప్రిల్ 1999

నా బంగారు వదినా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ లేచి నిలబడ్డాను. నేను అడిగింది ఎక్కడ? ప్రతి ఇంట్లో తట్టల పక్కనే నిలబడి, పురుగుల ముందే, ఆ మాటతోనే అడిగాను కదా!

మరుసటి రోజే గుడిబండ వైపు యల్లప్ప ఇంటికి పోయాను. గూళ్లు అమ్మేశాడు, గోడలకు కొత్త సున్నం. "ఏమప్పా, మొన్న బాగుండాయి అంటివి కదా?" అన్నాను. "ఇంట్లో పురుగులు పెట్టుకొని ఇంకేమంటామ్మా? నువ్వు అడిగి పోయిన నాడే నా పెండ్లాం ఇల్లంతా నీళ్లు జల్లింది. సగం తట్టలు గుంతలో పోసినాం. ఇప్పుడు అడుగు, ఎంతన్నా చెప్తా" అన్నాడు. చెప్పాడు కూడా. తర్వాత ఎవరి పంట అమ్ముడైతే వాళ్ల ఇంటికి పోయాను. ఏ ఇంట్లోనూ మొదటి జవాబు నిలబడలేదు.

నిన్న పెనుకొండలో రైలెక్కాను. సారు నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. ఎందుకు రాలేదని అడగలేదు. నేను అంతా చెప్పాను, మీ అవ్వ చీపురుతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "నేనూ అట్లే అడిగినా మంజులా. పురుగులు ఇంట్లో ఉండంగానే అడిగినా. నా లెక్కలో పంట బాగుండె, మార్కెట్‌లో చూస్తే గూళ్లు తక్కువ వస్తాండె. ఇన్నేండ్లూ ఆ తేడా యాడుందో నాకు తెలీలే. నువ్వూ అదే లెక్క తెచ్చేసరికి కడుపు మండింది."

"నేను కాపీ కొట్టానని అనలేదా సార్?"

"కాపీనా? నేను అబద్ధమన్నది లెక్కను. నీదీ, నాదీ. ఏంటికి సార్ అని అడుగుతావేమోనని చూసినా. అడక్కుండా దిగిపోతివి."

వదినా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నది నా మీద కోపంతో కాదు! "నా థీసిస్ పేరు పెట్టి, ఆ లెక్క తప్పని రాయి. ఎందుకు తప్పో కూడా రాయి. మే కమిటీకి అదే పెడదాం" అన్నాడు. ఏ గైడ్ అంటాడు ఆ మాట? గైడ్ మార్పు కాగితం చించి అవతల పారేశాను. రైలు దిగాక కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడి ప్రశ్నలు ఎలా మార్చాలో మాట్లాడుకున్నాం. నేను ఆయనను మూడుసార్లు ఎందుకని అడిగాను, చూసుకో!

అది సరే. చేయవలసింది చేశానన్నావు. ఏమిటది? వెంటనే రాయి.

మంజుల


ధర్మవరం,
30 ఏప్రిల్ 1999

మంజూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను.

రిజిస్ట్రారుకు ఫిర్యాదు పంపాను. నీ ఉత్తరంలోని మాటలే రాశాను, ఇలాంటి మనిషి చేతికి ఏ ఆడపిల్ల భవిష్యత్తూ ఇవ్వకూడదన్న దాంతో సహా. నా పేరుతో పంపితే వదిన ఎవరని పక్కన పెడతారని, నీ పేరు పెట్టి నీ సంతకం నేనే చేశాను. ఇంట్లో మీ అన్న సంతకాలు నేనే చేస్తాను కదా, బ్యాంకు దగ్గర తప్ప. అదేదో అలవాటులో చేసేశాను. తప్పనిపించలేదు అప్పుడు.

నీ ఉత్తరం అందిన రోజే సెలవు పెట్టి యూనివర్సిటీకి పోయి వెనక్కి ఇవ్వమన్నాను. అది పైకి పోయిందన్నారు. నన్ను ఎంత తిట్టినా పడతాను. కమిటీ ముందు అది నీది కాదని చెప్పు. నా పేరు చెప్పు.

నిర్మల


హిందూపురం,
16 మే 1999

వదినకు,

కమిటీ అయిపోయింది. నా లెక్కలు చూసే ముందు ఆ ఫిర్యాదు పైకి చదివారు. సారు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నీకొక్కదానికే రాసిన మాటలు ఒక్కొక్కటిగా ఆయన విన్నాడు. నేను బల్ల వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఇది నీదేనా?" అని అడిగారు. కాదంటే సంతకం ఎవరిదని అడుగుతారు. దొంగ సంతకమంటే నీ ఉద్యోగానికి ఎసరు. మాటలు నావే అన్నది కూడా అబద్ధం కాదు. నాదే అన్నాను.

సారును అడిగారు. ఆ కాగితం చేతికి తీసుకొని ఒకసారి చూశాడు. "రైల్లో నలుగురి ముందు ఆ మాట అన్నది నిజమే. అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఇంకేమీ చెప్పుకోలేదు. ఆయనను హెడ్ పదవి నుంచి తప్పించారు. గైడును మార్చుకుంటావా అని నన్ను అడిగితే, మార్చుకోను అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. నా లెక్కలు మాత్రం నిలబడ్డాయి, రిజిస్ట్రేషన్ ఖాయమైంది. సంతోషించే మొదటి మనిషివి నువ్వే అనుకునేదాన్ని.

ఇప్పటికీ శనివారం రైలు ఎక్కుతున్నాను. ఆయన పెన్సిల్‌తో దిద్దుతాడు, తప్పులు చెప్తాడు, పనిలో ఏ లోటూ లేదు. నేను మాత్రం ఎందుకని అడగలేకపోతున్నాను. ముందు రైల్లో తనను నవ్వుతూ పలకరించి, వెనక ఫిర్యాదు పెట్టిందని ఆయన అనుకుంటున్నాడు. కాదని చెప్పాలంటే నిన్ను పట్టివ్వాలి. ఏ దారీ లేకుండా చేశావు. కొన్నాళ్లు నాకు రాయకు.

మంజుల


ధర్మవరం,
6 సెప్టెంబర్ 1999

మంజూ,

రాయొద్దన్నావు. ఇన్ని నెలలూ రాయలేదు. ఈ ఒక్కటి చదివి, తర్వాత నీ ఇష్టం.

నిన్న మా ఊళ్లో ఉన్నాను. మధ్యాహ్నం చేతిసంచితో ఒక పెద్దాయన వచ్చి, మారక్క ఇల్లు ఇదేనా అని అడిగాడు. పేరు చెప్పాడు, మీ హనుమంతరాయుడు సారు! చీపురు అవ్వను చూడాలని వచ్చాడట. అప్పుడు ఇంట్లో పురుగులున్నాయి. అవ్వ ఆయనను గడప దాటనివ్వలేదు. "ఊరూరూ తిరిగి వచ్చినావు, యాడ యాడ కాలు పెట్టినావో! ఆడే కూచో" అని వేపచెట్టు కింద మంచం వేయించింది. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. పురుగులు ఎప్పుడు ఏం తింటాయి, తట్టలు ఎలా కడుగుతారు, అవే అడిగాడు. అవ్వ లోపలి నుంచి అరిచి చెప్తుంటే, అద్దాలు తేలేదు కొంచెం రాసిపెట్టమ్మా అని నాకు కాగితం ఇచ్చాడు. రాసి ఇచ్చి, మజ్జిగ తెచ్చాను.

మజ్జిగ తాగుతూ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకొని చూశాడు. "ఈ గుండ్రటి రాత నేను చూసినానమ్మా" అన్నాడు. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని అక్కడే ఒప్పుకున్నాను.

ఆయనకు ఆ రోజే తెలుసట మంజూ. నెలల తరబడి నీ పేజీలు దిద్దుతున్న మనిషి, నీ రాత తెలియదా? కమిటీలో కాగితం చేతికి తీసుకోగానే అది నువ్వు రాసింది కాదని తెలిసింది. ఎవరు రాశారో తెలియదు, అంతే. "మరి చెప్పలేదేం సార్? చెప్పి ఉంటే మీ పదవి పోయేది కాదు కదా" అన్నాను. "చెప్తే ఆ పిల్ల కమిటీకి అబద్ధం చెప్పినట్లయితాది, రిజిస్ట్రేషన్ పోతాది. ఎవరినో కాపాడుకుంటాందని అర్థమాయె. రైల్లో ఆ మాట అన్నది నేనే కదా" అన్నాడు. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏమైందో తెలియక అవ్వ లోపలి నుంచి ఆయననే తిట్టింది.

పోయేటప్పుడు అడిగాను, మంజులకు ఇది ఎందుకు చెప్పలేదని. "ఆ పిల్లే అడుగుతాదేమోనని చూస్తాండా. ప్రతి శనివారం చూస్తాండా" అన్నాడు.

ఈ శనివారం నేను ధర్మవరంలోనే ఆ రైలు ఎక్కుతాను. నువ్వు పెనుకొండలో ఎక్కేసరికి ఆయన ఎదురుగా కూర్చుని ఉంటాను. నీ ఉత్తరంలోని మాటలు ఆ ఫిర్యాదులోకి ఎలా వచ్చాయో నీ ముందే ఆయనకు నేనే చెప్తాను, నువ్వు ఎవరినీ పట్టివ్వనక్కర్లేదు. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. ఆయనతో మాట్లాడు.

నిర్మల